దస్తర్‌ఖాన్ దగ్గర చోటు: వికలాంగ సోదరులతో మన సంబంధాల చరిత్ర

సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే సర్వ స్తోత్రాలు. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం)పై, ఆయన కుటుంబంపై, సహచరులందరిపై శాంతి, శుభాలు వర్షించుగాక!



నెల్లూరు దాటి చెన్నై రహదారిపై దక్షిణంగా వెళ్తే వెంకటాచలం వస్తుంది. ఆ మండలంలోనే కసుమూరు ఉంది. అక్కడి మస్తాన్ వలి దర్గాకు ముస్లింలు, హిందువులు అనే భేదం లేకుండా జనం తరలివస్తుంటారు. ఇలాంటి చోట్లకు నడక రాని బిడ్డను భుజాన మోసుకొని వచ్చే తండ్రులు ఉంటారు. మతిస్థిమితం తప్పిన కూతురి చేయి వదలకుండా నడిపించుకొని వచ్చే తల్లులు ఉంటారు. స్వస్థత ప్రసాదించేవాడు అల్లాహ్ ఒక్కడే అన్నది మన విశ్వాసం. అయినా ఆ తల్లిదండ్రుల కన్నీటిని తేలికగా చూసే హక్కు మనలో ఎవరికీ లేదు.

అయితే మనల్ని మనం ఒక ప్రశ్న వేసుకోవాలి. ఆ బిడ్డకు నడక రాకపోతే ఏమవుతుంది? ఆ కూతురి మనసు కుదుటపడకపోతే ఏమవుతుంది? వారు తిరిగి ఇల్లు చేరాక వారి రోజులు ఎలా గడుస్తాయి? పొరుగువారు పలకరిస్తారా? బంధువులు శుభకార్యాలకు పిలుస్తారా? మస్జిద్‌లో వారికి చోటు దొరుకుతుందా? ప్రతి జుమా నాడు మన మస్జిదుల గుమ్మం వెలుపల కొందరు బారులు తీరి కూర్చుంటారు. కళ్ళు లేనివారు, కాళ్ళు లేనివారు అందులో ఎందరో ఉంటారు. మనం లోపల సఫ్‌లలో భుజానికి భుజం కలిపి నిలబడతాం. బయటికి వస్తూ వారి చేతిలో పది రూపాయలు వేసి తృప్తిగా ఇంటికి పోతాం. వారు లోపలికి ఎందుకు రాలేదని అడిగినవారు మనలో ఎందరు? ఈ ప్రశ్నకు సమాధానం వెతుక్కోవడానికి నేడు మన చరిత్ర పుటలను కొన్నింటిని తిరగేద్దాం.

భోజనం దగ్గర మొదలైన సంస్కరణ

దివ్య ఖుర్ఆన్‌లో 'నూర్' అధ్యాయం 61వ వాక్యం అంధుల ప్రస్తావనతో మొదలవుతుంది. అంధునిపై గాని, కుంటివానిపై గాని, వ్యాధిగ్రస్తునిపై గాని ఎలాంటి దోషం లేదని చెప్పి, ఆ వెంటనే ఇళ్ళలో కలిసి భోజనం చేసే విషయాన్ని ఆ వాక్యం వివరిస్తుంది. వైకల్యానికీ విందుకూ ఏమిటి సంబంధం అని మనకు అనిపించవచ్చు. ఖుర్ఆన్ వ్యాఖ్యాతలు దీనికి పలు కారణాలు చెప్పారు. వాటిలో రెండింటిని మనం ప్రత్యేకంగా గమనించాలి.

మొదటిది: ఇస్లాంకు పూర్వం కొందరు వికలాంగులతో కలిసి తినడానికి అసహ్యపడేవారు. అంధుని చేయి పళ్ళెంలో ఎక్కడ పడుతుందోనని, రోగి నుంచి ఏమి అంటుకుంటుందోనని దూరంగా కూర్చునేవారు. రెండవది: ముస్లింలలోనే కొందరు మంచి ఉద్దేశంతో వారిని దూరం పెట్టారు. అంధునికి మంచి ముక్క కనిపించదు, కుంటివాడు సర్దుకొని కూర్చోలేడు, రోగి మెల్లగా తింటాడు, కాబట్టి వారితో ఒకే పళ్ళెంలో తింటే వారి హక్కును మనం తినేసినట్టవుతుందేమోనని వారు భయపడ్డారు.

సోదరులారా! అసహ్యం ఒకవైపు, మితిమీరిన సంకోచం మరొకవైపు. ఈ రెంటిలో ఒకటి చెడ్డ గుణం, మరొకటి మంచి మనసు నుంచి పుట్టినది. కాని దస్తర్‌ఖాన్ దగ్గర ఒంటరిగా మిగిలిపోయిన మనిషికి ఈ తేడా తెలిసే అవకాశమే లేదు. అతనికి తెలిసింది ఒక్కటే, తన పక్కన ఎవరూ కూర్చోలేదని. దైవవాక్యం ఆ రెండు అడ్డుగోడలనూ ఒకేసారి కూల్చివేసింది. వికలాంగుల జీవితాన్ని బాగుచేసే పని ఆ వాక్యంలో దానధర్మాల ప్రస్తావనతో మొదలుకాలేదు, కలిసి కూర్చొని తినడంతో మొదలైంది. ఈ సంగతిని గుర్తుంచుకుంటే తరువాతి చరిత్ర అంతా సులువుగా అర్థమవుతుంది.

మదీనా నగరం విన్న గొంతు

హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమ్మె మక్తూమ్ (రజి) అంధులు. మక్కాలో దైవప్రవక్త (స) ఖురైష్ నాయకులతో మాట్లాడుతుండగా ఆయన వచ్చి ధర్మజ్ఞానం కోరారు. ప్రవక్త (స) ఆ నాయకులకు సత్యం అందించాలన్న ఆతురతలో ఉన్నారు. ఆ సందర్భంలోనే 'అబస' అధ్యాయపు తొలి వాక్యాలు అవతరించాయి. నేర్చుకోవాలని తానుగా వచ్చిన అంధుని వైపు దృష్టి మరలకపోవడాన్ని అల్లాహ్ ఎత్తిచూపాడు. ఆ వాక్యాలు నేటికీ నమాజులలో పారాయణమవుతున్నాయి. ఒక అంధుని గౌరవం కోసం అవతరించిన ఆ మాటలను దాచకుండా లోకానికి వినిపించినవారు స్వయంగా ప్రవక్త (స)యే.

మదీనాకు వచ్చాక ఆయన స్థానం ఏమిటో చూడండి. మస్జిదె నబవీకి ఇద్దరు ముఅజ్జిన్‌లు. ఒకరు హజ్రత్ బిలాల్ (రజి), మరొకరు ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి). బుఖారీ, ముస్లిం గ్రంథాల ప్రకారం బిలాల్ రాత్రి ఉండగానే అజాన్ ఇస్తారు గనుక, ఇబ్నె ఉమ్మె మక్తూమ్ అజాన్ వినిపించేదాకా సహరీ తినవచ్చని ప్రవక్త (స) ప్రజలకు తెలియజేశారు. తెల్లవారడం అంధునికి కనిపించదు కదా! తెల్లవారింది, తెల్లవారింది అని ఎవరో ఒకరు చెప్పేదాకా ఆయన అజాన్ ఇచ్చేవారు కాదని కూడా ఆ ఉల్లేఖనంలోనే ఉంది.

ఈ ఏర్పాటును నిదానంగా ఆలోచించండి. వేకువను చూపు ఉన్న ఒకరు చూసి ఆయనకు చెబుతారు. ఆయన గొంతు విని నగరమంతా చేతిలోని ముద్దను ఆపుతుంది. ఆయన ఒకరిపై ఆధారపడ్డారు, నగరం ఆయనపై ఆధారపడింది. సహాయం తీసుకోవడం ఆయన గౌరవాన్ని తగ్గించలేదు. కళ్ళున్నవారు ఎందరో ఉండగా ఈయన ఎందుకని ఎవరూ అడ్డు చెప్పలేదు. అంతేకాదు, ప్రవక్త (స) ప్రయాణాలకు వెళ్ళినప్పుడు మదీనాలో నమాజు చేయించే బాధ్యతను ఆయనకు అప్పగించారు. ఇది రెండుసార్లు జరిగిందని అబూదావూద్ గ్రంథంలో ఉంది. పదమూడుసార్లని కొందరు చరిత్రకారులు లెక్కించారు.

ఒకసారి ఆయన తనను మస్జిద్‌కు తీసుకువచ్చేవారు లేరని, ఇంట్లో నమాజు చేసుకోవడానికి అనుమతి కోరారు. ప్రవక్త (స) మొదట అనుమతించి, తిరిగి పిలిచి, అజాన్ వినిపిస్తుందా అని అడిగారు. వినిపిస్తుందనగానే, అయితే ఆ పిలుపుకు స్పందించమన్నారు. మరో సహాబీ హజ్రత్ ఇత్బాన్ బిన్ మాలిక్ (రజి) సంగతి వేరు. ఆయన చూపు మందగించింది, వాన పడితే దారిలోని వాగు పొంగేది. తన ఇంటికి వచ్చి ఒక చోట నమాజు చేయమని, దానిని తన నమాజు స్థలంగా చేసుకుంటానని ఆయన విన్నవించుకున్నారు. ప్రవక్త (స) హజ్రత్ అబూబక్ర్ (రజి)తో కలిసి ఆయన ఇంటికి వెళ్ళారు. ఎక్కడ నమాజు చేయమంటావని ఆయననే అడిగి, ఆయన చూపించిన చోట రెండు రకాతులు చేశారు. ఆతిథ్యం స్వీకరించారు. చుట్టుపక్కలవారు కూడా ఆ ఇంట్లో గుమిగూడారు.

ధర్మశాస్త్రంలో అశక్తులకు వెసులుబాటు ఉంది, అందులో సందేహం లేదు. కాని ఈ రెండు సంఘటనలలో ఉమ్మడిగా ఉన్న విషయం మరొకటి. ఒకరిని జమాఅత్‌లోకి రమ్మని పిలిచారు. మరొకరి దగ్గరికి జమాఅత్ పెద్దయే నడిచి వెళ్ళారు. ఇద్దరిలో ఎవరూ ఒంటరిగా మిగిలిపోలేదు. ఎవరికి ఏది తగునో వారినే అడిగి తెలుసుకున్నారు.

మితిమీరిన రక్షణ కూడా ఒక అడ్డంకే. హజ్రత్ అమ్ర్ బిన్ జమూహ్ (రజి) కుంటివారు. హిజ్రీ 3లో, అంటే క్రీ.శ. 625లో, ఉహుద్ సమయంలో ఆయన కుమారులు తండ్రిని ఇంట్లోనే ఉంచాలని పట్టుబట్టారు. వారిది ప్రేమే. ఆయన ప్రవక్త (స) దగ్గర మొరపెట్టుకున్నారు. నీపై ఆ బాధ్యత లేదని ప్రవక్త (స) ఆయనకు చెప్పి, ఆయనను అడ్డుకోవద్దని కుమారులకు చెప్పారు. ఆయన ఉహుద్‌లోనే షహీద్ అయ్యారు. తన జీవితం గురించిన నిర్ణయం ఆ మనిషిదే అన్న సూత్రం అక్కడ స్థిరపడింది.

హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించిన మరో సంఘటన ముస్లిం గ్రంథంలో ఉంది. మానసికంగా కొంత లోపం ఉన్న ఒక స్త్రీ వచ్చి తనకు ప్రవక్త (స)తో పని ఉందన్నది. ఏ వీధిలో కావాలంటే ఆ వీధిలో నిలబడి నీ మాట వింటానని ఆయన ఆమెతో అన్నారు. ఆమె పని తీరేదాకా బాటపక్కన నిలబడి విన్నారు. పాలనా వ్యవహారాలు, ప్రతినిధి వర్గాలు, సైన్యాలు ఇన్ని ఉండగా ఆమె కోసం ఆయన సమయం కేటాయించారు. అదీ నలుగురూ చూసే వీధిలో.

మూర్ఛవ్యాధితో బాధపడే మరో స్త్రీ తన కోసం దుఆ చేయమని కోరింది. సహనం వహిస్తే స్వర్గం ఉందని, కోరితే స్వస్థత కోసం దుఆ చేస్తానని ప్రవక్త (స) రెండు మార్గాలు ఆమె ముందుంచారు. ఆమె సహనాన్ని ఎంచుకుంది. కాని ఒక్కటి కోరింది: మూర్ఛ వచ్చినప్పుడు తన వస్త్రాలు తొలగిపోకుండా ఉండాలని. ప్రవక్త (స) అందుకోసం దుఆ చేశారు. వ్యాధి కన్నా ఆమెను ఎక్కువగా బాధించింది నలుగురిలో జరిగే అవమానం. వికలాంగులను ఏది బాధిస్తుందో మనం ఊహించుకోవడం వేరు, వారు చెప్పగా వినడం వేరు.

గౌరవాలూ గొలుసులూ

ఆ స్త్రీ వృత్తాంతం మనకు చేరింది హజ్రత్ అతా బిన్ అబీ రబాహ్ ద్వారా. హిజ్రీ 114లో మరణించిన ఈ తాబయీ మక్కా నగరపు గొప్ప ధర్మవేత్త. ఆయన నల్లజాతివారు. ఒక కాలు కుంటి, ఒక చేయి చచ్చుబడింది, తరువాత చూపు కూడా పోయింది. అయినా హజ్ రోజులలో అతా తప్ప మరెవరూ ఫత్వా ఇవ్వరాదని ఉమయ్యద్‌ల కాలంలో చాటింపు వేయించేవారు. బస్రాలో పుట్టు అంధుడైన ఖతాదా బిన్ దిఆమా జ్ఞాపకశక్తిని ఖుర్ఆన్ వ్యాఖ్యానంలో, హదీసులో పండితులు ప్రమాణంగా తీసుకున్నారు. హదీసు సంకలనకర్త ఇమామ్ తిర్మిజీ జీవిత చరమాంకంలో అంధులయ్యారు.

పాలకులు కూడా కొన్ని ఏర్పాట్లు చేశారు. ఖలీఫా వలీద్ బిన్ అబ్దుల్ మలిక్ (క్రీ.శ. 705–715) ప్రతి అంధునికి ఒక మార్గదర్శిని, నడవలేనివారికి సేవకుణ్ణి నియమించాడని, కుష్ఠు రోగులు బిచ్చమెత్తే అవసరం లేకుండా భృతి ఇచ్చాడని చరిత్రకారులు రాశారు. ఖలీఫా ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (క్రీ.శ. 717–720) సిరియా నగరాల్లోని అంధుల, పక్షవాత రోగుల, దీర్ఘవ్యాధిగ్రస్తుల పేర్లు నమోదు చేయించి సహాయకులను కేటాయించారని ఆయన జీవిత చరిత్రకారులు చెబుతారు. కైరోలో సుల్తాన్ ఖలావూన్ 1284లో కట్టించిన వైద్యశాల వక్ఫ్ ఆదాయంతో ధనిక, పేద భేదం లేకుండా నడిచింది. ఎదిర్నేలో సుల్తాన్ రెండవ బాయజీద్ 1488లో పూర్తిచేసిన వైద్యశాల మానసిక రోగుల ఆదరణకు పేరుగాంచింది.

ఇక మాట రానివారి సంగతి. పదహారవ శతాబ్దపు ఉస్మానియా దర్బారులో బధిరులైన ఉద్యోగులు ఉండేవారు. వారి సైగల భాషను దర్బారులోని ఇతరులూ నేర్చుకున్నారు. 1869 నుంచి 1876 వరకు విడుదలైన ఉస్మానియా న్యాయ సంహిత 'మజల్లా'లో, మూగవారి వాడుక సైగలు నోటిమాటతో సమానమన్న సూత్రాన్ని స్పష్టంగా చేర్చారు. అంటే మూగవాని సైగతో ఒప్పందం చెల్లుతుంది. అతని తరఫున మరొకరు నిర్ణయించనవసరం లేదు.

పద్నాలుగవ శతాబ్దపు పండితుడు సఫదీ అంధ ప్రముఖుల జీవితాలను ఒక గ్రంథంగా రాశాడు. అందులో జైనుద్దీన్ ఆమిదీ అనే అంధ విద్వాంసుని కథ ఉంది. పుస్తకాలు కొని అమ్మే ఆయన, ప్రతి పుస్తకం వెల గుర్తుండేందుకు సన్నని కాగితాన్ని మెలిపెట్టి అక్షరంగా మలచి అట్టకు అంటించేవాడట. ఆ అక్షరాన్ని వేలితో తడిమి వెల తెలుసుకునేవాడు. ఫ్రాన్స్‌లో లూయీ బ్రెయిలీ చుక్కల లిపిని రూపొందించడానికి ఐదు వందల ఏళ్ళ ముందరి మాట ఇది.

సోదరులారా! గర్వపడే పుటలనే చదివి మిగిలినవి మూసేస్తే అది చరిత్ర కాదు. 1184లో దమస్కస్ వైద్యశాలను చూసిన యాత్రికుడు ఇబ్నె జుబైర్, అక్కడ మతి చలించినవారికి చికిత్స జరగడంతో పాటు వారిని గొలుసులతో బంధించడాన్ని కూడా రాశాడు. అధికారం కోసం కళ్ళు పొడిపించిన పాలకులూ మన చరిత్రలో ఉన్నారు. అబ్బాసీ ఖలీఫా ఖాహిర్ బిల్లాహ్‌ను 934లో గద్దె దింపి అంధుణ్ణి చేశారు. ఒకప్పుడు తన పేరు మీద ఖుత్బా చదివిన బగ్దాదులోనే ఆయన తరువాత మస్జిద్‌లో యాచిస్తూ కనిపించాడని చరిత్రకారులు రాశారు. నిన్నటి ఖలీఫా అయినా సరే, వైకల్యం వచ్చాక సమాజం చోటు ఇవ్వకపోతే మిగిలేది యాచకుల వరుసే.

మన నేలపై

ఇప్పుడు మన ప్రాంతానికి వద్దాం. 1937లో మద్రాసు రాజధానిలోని వైద్య శాస్త్రవేత్తలు ఒక పరిశోధనను ప్రచురించారు. అప్పటి నెల్లూరు జిల్లాలో భాగమైన దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాల పల్లెల్లో జనం నడుములు బిగుసుకుపోయి వంగిపోతున్నారని, దానికి కారణం తాగే నీటిలోని ఫ్లోరైడ్ అని వారు తేల్చారు. భారతదేశంలో ఫ్లోరోసిస్‌ను శాస్త్రీయంగా నమోదు చేసిన తొలి సందర్భాలలో అది ఒకటి. ఆ ప్రాంతాలు 1970లో ఏర్పడిన ప్రకాశం జిల్లాలోకి వెళ్ళాయి.

లీటరు నీటిలో ఒక మిల్లీగ్రాము ఫ్లోరైడ్ దాటకూడదన్నది నేటి ప్రమాణం. ఏళ్ళ తరబడి అంతకు మించిన నీరు తాగితే ముందుగా పళ్ళపై గారలు వస్తాయి. తరువాత ఎముకలు మందమవుతాయి, కీళ్ళను కలిపే బంధనాలు ఎముకల్లా గట్టిపడతాయి, వెన్ను వంగదు. ఇది శాపమూ కాదు, తండ్రుల పాపఫలమూ కాదు. బావిలోంచి వచ్చిన కష్టం. అయినా నల్లగొండ జిల్లాలోని ఫ్లోరైడ్ పల్లెల్లో ఏమి జరిగిందో మనకు తెలుసు. ఆ ఊళ్ళకు పిల్లనివ్వడానికి, ఆ ఊళ్ళ పిల్లను చేసుకోవడానికి జనం వెనుకాడారు. నీరు వెన్నును వంచితే, మనుషులు సంబంధాలను తెంచారు. రెండవ కష్టానికి ఫ్లోరైడ్ కారణమని ఎవరూ అనలేరు.

మరో సంఘటన మనల్ని తలదించుకునేలా చేస్తుంది. పొరుగు రాష్ట్రమైన తమిళనాడులో, రామనాథపురం జిల్లా ఏర్వాడిలో ఒక ప్రసిద్ధ దర్గా ఉంది. మానసిక రోగులకు నయమవుతుందన్న ఆశతో కుటుంబాలు వారిని అక్కడికి తీసుకువచ్చేవి. దర్గా చుట్టూ ప్రైవేటు వసతి గృహాలు వెలిశాయి. డబ్బు కట్టి అక్కడ వదిలి వెళ్ళే అలవాటు పెరిగింది. 2001 ఆగస్టు 6 వేకువన అలాంటి ఒక గృహంలోని పాకకు నిప్పు అంటుకుంది. అందులో ఉన్నవారి కాళ్ళకు గొలుసులున్నాయి. పరుగెత్తలేక 28 మంది మరణించారు. సుప్రీంకోర్టు ఈ ఘటనను తనంతట తానుగా విచారణకు స్వీకరించింది. ఆ తరహా గృహాలను ప్రభుత్వం మూయించింది.

ఆ గొలుసులు ఎవరు వేశారన్నది న్యాయస్థానాలు చూశాయి. మనం చూడవలసింది మరొకటి ఉంది. వారందరికీ ఒక ఊరు, ఒక వీధి, ఒక కుటుంబం ఉండేవి. అన్నదమ్ములు, పొరుగువారు, మస్జిద్ పెద్దలు ఉండేవారు. ఒక్క కుటుంబం మోయలేని భారాన్ని వీధి అంతా కొంచెం కొంచెం పంచుకొని ఉంటే, ఎందరిని అంత దూరం పంపవలసి వచ్చేది? ఇంట్లో మానసిక రోగి ఉన్న తల్లిని మనం ఎన్నిసార్లు పలకరించాం? ఆమె ఒక్క పూట నిద్రపోవడానికి మన ఇంటి నుంచి ఎవరిని పంపాం? మనోవ్యాధికి నేడు మందులున్నాయి, వైద్యులున్నారు. చికిత్స చేయించుకోవడం ప్రవక్త (స) ఆదేశించిన విషయం. దుఆ ఆ చికిత్సకు తోడు. చికిత్సను మాని గొలుసును ఆశ్రయించడం ధర్మం కాదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక రోగులను గొలుసులతో బంధించడాన్ని నిషేధించింది కూడా.

చట్టం ఇచ్చింది, మనం ఇవ్వవలసింది

2011 జనగణన ప్రకారం దేశంలో వైకల్యం గలవారు 2.68 కోట్లు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే 22 లక్షలు దాటారు. 1995 నాటి చట్టం 7 రకాల వైకల్యాలను గుర్తించగా, 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాలను గుర్తించింది. 40 శాతం, అంతకు మించిన వైకల్యం ఉన్నవారికి ప్రభుత్వ ఉద్యోగాలలో 4 శాతం, ఉన్నత విద్యలో 5 శాతం కోటా ఉంది. అందరి ముందు వికలాంగులను కావాలని అవమానించినవారికి ఆరు నెలల నుంచి ఐదేళ్ళ దాకా జైలుశిక్ష పడవచ్చు. 2024 జూలై నుంచి ఆంధ్రప్రదేశ్‌లో వికలాంగుల పింఛను నెలకు 3,000 నుంచి 6,000 రూపాయలకు పెరిగింది. సికింద్రాబాదులో మానసిక ఎదుగుదల లోపం గలవారి జాతీయ సంస్థ 1984 నుంచి పనిచేస్తోంది. నెల్లూరులోనూ కేంద్ర ప్రభుత్వపు సమగ్ర ప్రాంతీయ కేంద్రం ఉంది.

ఇవన్నీ మేలైనవే. సదరం ధ్రువపత్రం లేక పింఛను అందని సోదరుడు మన వీధిలో ఉంటే, అతని వెంట వెళ్ళి దరఖాస్తు పెట్టించడం కూడా పుణ్యకార్యమే. కాని ఏ చట్టమూ ఒకరి పక్కన కూర్చొని భోజనం చేయమని మనల్ని ఒప్పించలేదు. ఏ పింఛనూ స్నేహితుణ్ణి తెచ్చిపెట్టదు. ప్రభుత్వం ఇవ్వలేనిది ఇవ్వడానికే దస్తర్‌ఖాన్, సఫ్, సలామ్ మనకు అప్పగించబడ్డాయి.

పిలిచి బాధ్యత అప్పగిస్తే వైకల్యం ఏ మాత్రం అడ్డు కాదనడానికి మన తెలుగు నేలపై కూడా ఉదాహరణలున్నాయి. పసితనంలోనే పోలియో సోకిన ఎస్. జైపాల్ రెడ్డి ఊతకర్రలతోనే రాజకీయాల్లోకి వచ్చారు. 1969లో కల్వకుర్తి నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు. కేంద్రమంత్రిగా పనిచేశారు. 1998లో ఉత్తమ పార్లమెంటేరియన్‌గా పురస్కారం అందుకున్నారు. ఓటర్లు ఆయన మాటకు విలువ ఇచ్చారు గనుకనే ఆ ప్రయాణం సాధ్యమైంది.

పోలియో ప్రస్తావన వచ్చింది గనుక మరో మాట. మన దేశంలో చివరి సహజ పోలియో కేసు 2011 జనవరిలో నమోదైంది. 2014 మార్చిలో పోలియో రహిత ధ్రువీకరణ లభించింది. ఉత్తరప్రదేశ్‌లో చుక్కల మందుపై అపోహలు వ్యాపించినప్పుడు, మస్జిదుల మైకుల నుంచి ఇమాములు వాటిని తొలగించడానికి ప్రకటనలు చేశారు. మింబర్ మీది ఒక మాట కొన్ని వేల మంది పిల్లల కాళ్ళను నిలబెట్టగలదని దాని అర్థం. అదే మింబర్ ఇప్పటికే కాళ్ళు కోల్పోయినవారి గౌరవాన్ని కూడా నిలబెట్టాలి.

మన మస్జిదుల నుంచే ప్రారంభిద్దాం

సోదరులారా! ఈ జుమా తరువాత చేయదగిన కొన్ని పనులను మనవి చేస్తున్నాను.

మన మస్జిద్ మెట్లను ఒకసారి చక్రాల కుర్చీలో ఉన్నవారి దృష్టితో చూడండి. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవుతో ఒక వాలుబాట కట్టడం జమాఅత్‌కు పెద్ద ఖర్చు కాదు. వజూ చేసే చోట కూర్చోవడానికి గట్టి పీట, పట్టుకోవడానికి ఒక కడ్డీ ఏర్పాటు చేయండి. కుర్చీలో నమాజు చేసేవారిని మూలకు తోసేయకుండా సఫ్‌లోనే చోటివ్వండి.

బధిర యువకులు మన ఊళ్ళలో ఉన్నారు. ఎన్నేళ్ళుగానో వారు ఖుత్బా వినకుండానే కూర్చుంటున్నారు. సైగల భాష తెలిసినవారు ఒకరిని వెతికి, నమాజు ముగిశాక ఖుత్బా సారాంశాన్ని వారికి అందే ఏర్పాటు చేద్దాం. దేశంలో సైగల భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం 2015 నుంచి పనిచేస్తోంది. మన యువకులలో ఇద్దరు ముగ్గురు ఆ భాష నేర్చుకున్నా మేలే.

మదర్సాలో పాఠం చెప్పడం, లెక్కలు రాయడం, అజాన్ ఇవ్వడం వంటి పనులకు మనిషిని వెతికేటప్పుడు వికలాంగులను కూడా గుర్తుచేసుకోండి. అంధ ముఅజ్జిన్ మన చరిత్రకు కొత్త కాదు.

పెళ్ళి సంబంధాల విషయంలో అల్లాహ్‌కు భయపడండి. ఒక ఇంట్లో వికలాంగుడైన కొడుకు ఉన్నాడని ఆ ఇంటి ఆడపిల్ల సంబంధాన్ని తిరగగొట్టడం మన మధ్య జరుగుతూనే ఉంది. ఆ భయంతోనే తల్లిదండ్రులు చుట్టాలు వచ్చినప్పుడు ఆ బిడ్డను లోపలి గదిలో దాచేస్తున్నారు. ఆ గది తలుపుకు గడియ వేసింది వారే అయినా, వేయించింది మనం.

చివరిగా, ఈ వారం మీ ఇంటికి ఒక వికలాంగ సోదరుణ్ణి భోజనానికి పిలవండి. అతని కోసం వేరే పళ్ళెం, వేరే వేళ పెట్టవద్దు. మీ పిల్లల మధ్యే కూర్చోబెట్టండి. ఎలా సాయం చేయాలో తెలియకపోతే అతణ్ణే అడగండి. అతను రాలేని స్థితిలో ఉంటే, ఇత్బాన్ (రజి) ఇంటికి నడిచి వెళ్ళిన ప్రవక్త (స)ను తలచుకొని మీరే అతని గడప తొక్కండి. గుమ్మం బయట కూర్చున్నవారికి దానం చేయడం మానవద్దు. దానం చేశాక, లోపలికి రండని ఒక మాట అనండి.

ఓ అల్లాహ్! మా హృదయాలలోని అసహ్యాన్ని, నిర్లక్ష్యాన్ని తొలగించు. మాలో వ్యాధిగ్రస్తులకు స్వస్థతను, వారిని సాకుతున్న తల్లిదండ్రులకు ఓర్పును, బలాన్ని ప్రసాదించు. మా సఫ్‌లలో ఖాళీగా ఉన్న చోట్లను, రావలసినవారితో నింపు. మేము ఎవరిని దూరం పెట్టామో వారి ముందు మమ్మల్ని ప్రళయదినాన సిగ్గుపడేలా చేయకు. ఆమీన్.